ఈటెకు ఎడమకాలే ఊతం

పతకాలు చూసి పల్లెల్లోనూ ఈటెలు పైకి లేచాయి... చేతి బలం చూసి ఎంపిక చేస్తున్నారు సరే, కాళ్ల పని నేర్పేదెవరు?

ఆగస్టు 7. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో సరిగ్గా ఆ రోజే నీరజ్ చోప్రా 87.58 మీటర్ల దూరం ఈటె విసిరి స్వర్ణం తెచ్చాడు. అథ్లెటిక్స్‌లో దేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఆ తేదీని భారత అథ్లెటిక్స్ సమాఖ్య జాతీయ జావెలిన్ దినంగా ప్రకటించింది. బళ్లారి, రాయచూరు, కోలారు, హోసూరు, రాయగడ, బరంపురం, సిరోంచ, యానాం... తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఊళ్లలోనూ దాని ప్రభావం కనిపిస్తోంది. బడి ఆటల పోటీల్లో ఒకప్పుడు ఈటె విసురుకు పేర్లివ్వమని డ్రిల్లు మాస్టారు బతిమాలాల్సి వచ్చేది. ఇప్పుడు పిల్లలే ముందుకొస్తున్నారు. వెదురు ఈటె దొరికితే చాలు, మైదానంలోకి దూకేస్తున్నారు.

బాగానే ఉంది. అయితే ఏ మండల పోటీలకో, తాలూకా పోటీలకో వెళ్లి గీత దగ్గర కాసేపు నిలబడితే అసలు సంగతి బయటపడుతుంది. కుర్రాడు ఇరవై అడుగులు ఉరుకులతో వస్తాడు. తీరా గీత సమీపించేసరికి వేగం తగ్గించి, దాదాపు నిలబడిపోతాడు. ఆ తర్వాత భుజం బిగించి, పళ్లు కొరికి, చేయి తిప్పి వదులుతాడు. ఈటె పైకైతే లేస్తుంది గానీ దూరం పోదు. ఇరవై అడుగుల పరుగూ గాలికి పోయినట్టే! చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ''చేతిలో పవర్ చాల్లేదురా'' అని తేల్చేస్తారు. మర్నాటి నుంచి ఆ కుర్రాడు దండలు పెంచే పనిలో పడతాడు.

పొరపాటు అక్కడే జరుగుతోంది. ఈటెకు దూరం ఇచ్చేది ముందుగా కాళ్లు. అందులోనూ చివరి క్షణంలో నేలను తన్ని నిలబడే ఎడమకాలు. (ఎడమచేతి వాటం వారికి కుడికాలు అన్నమాట.) ఈ ఒక్క ముక్క తెలియక సరిహద్దు జిల్లాల పిల్లలు దూరం పోగొట్టుకుంటున్నారు. అంతకుమించి మోచేతులు, నడుములు పాడుచేసుకునే ముప్పు కొనితెచ్చుకుంటున్నారు.

బస్సుకు బ్రేకు పడితే...

ఇదేమీ అర్థంకాని శాస్త్రం కాదు. వేగంగా పోతున్న ఆర్టీసీ బస్సుకు డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే ఏమవుతుంది? బస్సు ఆగుతుంది. లోపల నిలబడ్డవాళ్లు మాత్రం ముందుకు తూలతారు. కాళ్లు బస్సుతోపాటు ఆగిపోతాయి, నడుము పైభాగం ఆగదు. ఈటె విసిరేవాడి ఒంట్లోనూ జరిగేది ఇదే. పరుగుతో ఒళ్లంతా ముందుకు దూసుకొస్తున్న సమయంలో ఎడమకాలు గుంజలా నేలకు దిగుతుంది. దాంతో నడుము ఎడమ పక్క ఆగిపోతుంది, కుడి పక్క గిర్రున ముందుకు తిరుగుతుంది. ఆ ఊపు నడుము నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి, మణికట్టుకు చేరి చివరికి ఈటెకు అందుతుంది.

చెర్నాకోల ఝళిపించే రైతును చూస్తే ఇంకా తేలిగ్గా బోధపడుతుంది. చేయి ముందుకొచ్చి ఠక్కున ఆగితేనే కొస చటేల్‌మంటుంది. చేయి ఆగకపోతే చప్పుడు రాదు. ఈటె విసురులో కర్ర పట్టిన చేయి ఎడమకాలైతే, చెర్నాకోల కొస ఈటె.

లెక్కల్లో చూస్తే తేడా తెలుస్తుంది. మేటి ఆటగాళ్లు చివరి అడుగుల్లో సెకనుకు సుమారు 6 మీటర్ల వేగంతో వస్తారు. అంటే గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు. 80, 90 మీటర్లు వెళ్లే ఈటె వారి చేతిని వీడేటప్పుడు సెకనుకు 28 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. అంటే గంటకు వంద కిలోమీటర్ల పైమాటే! ఎడమకాలు నేలను తాకినప్పటి నుంచి ఈటె చేజారేవరకు పట్టే సమయం సెకనులో పదో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. రెప్పపాటు కూడా లేని ఆ వ్యవధిలో ఇంత వేగం పుట్టించడం ఒక్క చేతి కండరాల వల్ల అయ్యే పని కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈటె వెళ్లే దూరం దాని వేగాన్ని బట్టి కాదు, ఇంచుమించుగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 5 శాతం పెరిగితే దూరం దాదాపు 10 శాతం పెరుగుతుంది. 50 మీటర్లు విసిరే కుర్రాడు 55కు చేరతాడన్నమాట. కాలు సరిగ్గా పడితే కలిసొచ్చేది ఇలాంటి తేడాలే.

చివరి అడుగుల్లోనే కిటుకు

పరుగు మొదట్లో ఈటె తల పక్కన ఉంటుంది, చూపు ముందుకు ఉంటుంది. కొంత దూరం పోయాక చేయి వెనక్కి చాచి, ఒంటిని పక్కకు తిప్పి అడ్డంగా అడుగులు వేస్తారు. ఎడమకాలి ముందునుంచి కుడికాలు దాటుతుంది. కోచ్‌లు దీన్నే క్రాస్ఓవర్ అంటారు. ఇక్కడ వేగం తగ్గకూడదు. పైగా కాళ్లు ఒంటి కంటే ముందుకు పోవాలి. అలా పోతేనే నడుము పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. కావాలని వెనక్కి వంగేవాడు వేగం పోగొట్టుకుంటాడు. కాళ్లను ముందుకు పంపేవాడికి ఆ వాలు దానంతటదే వస్తుంది.

చివర్లో కుడికాలితో చిన్న దూకు. అది ముందుకు సాగాలే తప్ప పైకి ఎగరకూడదు. కుడిపాదం నేలను తాకినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి గానీ కూలబడకూడదు. మన పిల్లలు చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కుడికాలు కూలబడితే ఎడమకాలు ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యంలో పరుగు వేగమంతా కారిపోతుంది. కుడిపాదం పడీపడకముందే ఎడమపాదం పడాలి. చెవికి 'టక్... టక్' అని కాకుండా 'టకటక' అని వినిపించాలి.

ఎడమపాదం మడమతో దిగుతుంది. మోకాలు నిటారుగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కుడి మడమ బయటికి తిరిగి, కుడి మోకాలు, కుడి తుంటి విసిరే దిక్కుకు మళ్లుతాయి. చేయి మాత్రం ఇంకా వెనకే ఉండిపోతుంది. ఒళ్లు ఎక్కుపెట్టిన విల్లులా సాగుతుంది. చేతి వంతు వచ్చేది ఆ తర్వాతే. తొందరపడి చేయి ముందొస్తే విల్లు వంగకముందే బాణం వదిలినట్టే.

ఎడమ మోకాలు ఎంత వంగితే అంత ఊపు నేలపాలు. బ్రేకు వేసిన బస్సు మెల్లగా జారుకుంటూ ఆగినట్టు అవుతుంది. కాలు నిలవాలంటే తొడలో, పిక్కలో, నడుములో బలం కావాలి. ఆ క్షణాన ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడి ఆ ఒక్క కాలి మీద పడుతుంది. జావెలిన్ బూట్లకు ముందు భాగంలోనే కాక మడమ కింద కూడా మేకులు ఉండేది ఇందుకే.

కృత్రిమ కాలితో బ్రేకు

ఈ పాఠానికి సుమిత్ అంటిల్‌ను మించిన ఉదాహరణ లేదు. హరియాణాకు చెందిన ఇతను 2015లో రోడ్డు ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింది భాగం పోగొట్టుకున్నాడు. విసిరేది కుడిచేత్తో. అంటే బ్రేకు వేయాల్సింది ఆ కృత్రిమ కాలితోనే! అయినా టోక్యో పారాలింపిక్స్‌లో 68.55 మీటర్లు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 70.59 మీటర్లు విసిరి రెండుసార్లు స్వర్ణం గెలిచాడు. 2023 హాంగ్‌ఝౌ పారా ఆసియా క్రీడల్లో 73.29 మీటర్లు నమోదు చేశాడు. చేయి బలం ఒక్కటే చాలనుకుంటే ఆ కాలి మీద నిలబడటానికి అతను అన్నేళ్లు చెమటోడ్చాల్సిన అవసరమే ఉండేది కాదు.

1996లో 98.48 మీటర్లు విసిరిన చెక్ ఆటగాడు యాన్ జెలెజ్నీ ప్రపంచ రికార్డు 2025 ముగిసేనాటికీ చెక్కుచెదరలేదు. ఈటె విసిరేవారిలో అతనేమీ భారీకాయుడు కాదు. చురుకైన పరుగు, వేగంగా పడే చివరి అడుగులు, అందరికంటే ఆలస్యంగా కదిలే చేయి... అతని ఆస్తి ఇదే. 2020లో 97.76 మీటర్లతో అతనికి దగ్గరగా వచ్చిన జర్మనీ ఆటగాడు యోహానెస్ వెటర్ పేరు చెప్పగానే కోచ్‌లకు ముందు గుర్తొచ్చేది అతని ఎడమకాలే.

కెన్యా ఆటగాడు జూలియస్ యెగో కథ మన పిల్లలకు మరీ దగ్గర. నేర్పేవారు లేక యూట్యూబ్‌లో మేటి ఆటగాళ్లను చూస్తూ ఈటె పట్టాడు. తర్వాత ఫిన్లాండ్ వెళ్లి అక్కడి శిక్షకుల దగ్గర మెరుగులు దిద్దుకున్నాడు. 2015లో 92.72 మీటర్లతో ప్రపంచ విజేత అయ్యాడు. చూసి నేర్చుకోవచ్చు. తప్పు దిద్దుకోవడానికి మాత్రం పక్కన ఒక కన్ను ఉండాలి.

కాలు సహకరించకపోతే ఎంతటివాడికైనా ఇబ్బందే. 2024లో నీరజ్‌ను గజ్జల కండరం బాధించింది. పరుగెత్తి ఒక్కసారిగా కాలు నిలిపేవారికి ఒత్తిడి పడే చోటు అదే. పారిస్ ఫైనల్లో అతని ఆరు విసుర్లలో చెల్లింది ఒక్కటే. ఆ 89.45 మీటర్లతోనే రజతం దక్కింది. పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ 92.97 మీటర్లతో స్వర్ణం పట్టుకెళ్లాడు. 2025 మేలో దోహాలో నీరజ్ 90.23 మీటర్లతో తొలిసారి తొంభై దాటాడు. అదే ఏడాది సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీలకు నడుం నొప్పితో దిగి 84.03 మీటర్లతో 8వ స్థానంలో ఆగిపోయాడు. అక్కడ మనవాళ్లలో ముందు నిలిచింది 86.27 మీటర్లు విసిరి నాలుగో స్థానం పొందిన సచిన్ యాదవ్. నాలుగు నెలల్లో నీరజ్ చేతి బలం తగ్గిపోలేదు. నడుము సహకరించకపోతే కాళ్లు పుట్టించిన ఊపు చేతిదాకా రాదు, అంతే.

మూల్యం మోచేతిది

కాళ్లు పని చేయనప్పుడు ఆ బరువంతా భుజం, మోచేయి మోయాల్సి వస్తుంది. ఈటె ఆటగాళ్లకు మోచేతి లోపలి పక్క లిగమెంట్లు సాగడం, భుజం పట్టేయడం, నడుం నొప్పి తరచూ వచ్చే గాయాలే. అన్ని వసతులూ ఉన్న నీరజ్‌కే 2019లో కుడి మోచేతికి శస్త్రచికిత్స తప్పలేదు. ఎముకలు ఇంకా ఎదిగే వయసులో రోజుకు యాభైసార్లు ఉత్త చేత్తో విసిరే పిల్లవాడి గతేంటి? వాడికి ఫిజియో ఉండడు, స్కాన్ ఉండదు. నొప్పెడితే జండూబామ్ రాసి మళ్లీ గీత దగ్గరకే వస్తాడు. నాలుగు నెలలు పోయాక ఆట మానేస్తాడు. అలా మానేసినవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

బరువు విషయంలోనూ జాగ్రత్త లేదు. పురుషుల ఈటె 800 గ్రాములు, మహిళలది 600 గ్రాములు. 18 ఏళ్లలోపు బాలురకు 700, బాలికలకు 500 గ్రాములని నిబంధన. బడిలో ఉన్నదే ఒక్క ఈటె అయితే ఎనిమిదో తరగతి అమ్మాయీ, ఇంటర్ కుర్రాడూ దాన్నే విసరాల్సి వస్తోంది. బరువెక్కువైన ఈటె చేతిలో ఉంటే కాళ్ల పని గుర్తే రాదు. దాన్ని ఎలాగోలా నెట్టేస్తే చాలనిపిస్తుంది.

భద్రత మాట సరేసరి. 2022 డిసెంబరులో ఒడిశాలోని బలంగీర్ జిల్లాలో బడి పోటీల సమయంలో ఈటె వచ్చి ఒక విద్యార్థి మెడలో దిగింది. అదృష్టవశాత్తూ ప్రాణం దక్కింది. విసిరే దిక్కున ఎవరూ ఉండకూడదన్న చిన్న నియమం తప్పితే ఫలితం అలా ఉంటుంది.

పక్కనే ఉన్నా...

సరిహద్దు జిల్లాలు వెనకబడ్డ మాట నిజమే గానీ, వసతులు మరీ ఆమడదూరంలో ఏమీ లేవు. బళ్లారి నుంచి హొసపేటె వెళ్లే దారిలో తోరణగల్లు దగ్గర 2018 నుంచి ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ నడుస్తోంది. మోచేతి శస్త్రచికిత్స తర్వాత నీరజ్ కోలుకున్న చోట్లలో అదొకటి. బరంపురం వాళ్లకు భువనేశ్వర్ ఒక పూట ప్రయాణం. అక్కడి కళింగ స్టేడియంలో 2024 మేలో ఫెడరేషన్ కప్ పోటీల్లో నీరజ్ 82.27 మీటర్లతో గెలిచాడు. 2025 జులై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో అతని పేరిట జరిగిన తొలి అంతర్జాతీయ పోటీలో 86.18 మీటర్లు విసిరి విజేతగా నిలిచాడు.

ఈ ప్రాంతాల కుర్రాళ్లు పైకి రాలేరన్న మాటా చెల్లదు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో నీరజ్ స్వర్ణం గెలిచిన ఫైనల్లోనే ఒడిశా కుర్రాడు కిశోర్ జెనా 84.77 మీటర్లతో ఐదో స్థానంలో, కర్ణాటక హాసన్ జిల్లాకు చెందిన డీపీ మను 84.14 మీటర్లతో ఆరో స్థానంలో నిలిచారు. పూరీ జిల్లా పల్లె నుంచి వచ్చిన జెనా మొదట్లో వాలీబాల్ ఆడేవాడు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 87.54 మీటర్లతో రజతం సాధించాడు. వాలీబాల్ ఆటలో గాల్లోకి లేచి బంతిని బాదేవాడికి కాళ్ల నుంచి చేతికి ఊపు పంపడం అలవాటే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లలు మన జిల్లాల్లో కొదవా? ఎంపికలప్పుడు దండ చూసి కాదు, కాళ్ల చురుకు చూసి పిల్లల్ని పట్టాలి.

మరి లోపం ఎక్కడ? పెద్ద కేంద్రానికీ పల్లె బడికీ మధ్య నిచ్చెనలో మెట్లు లేవు. పైనుంచి వచ్చేవారు 60 మీటర్లు విసిరినవాడినే చూస్తారు. ఆ 60కి చేరడానికి కావాల్సిన కాలి పని నేర్పేవారు కింద లేరు. చాలా బళ్లలో ఒక్క పీఈటీయే అన్ని ఆటలూ చూసుకోవాలి. కొన్ని బళ్లలో ఆ ఒక్కరూ ఉండరు.

మాట తేడా కూడా చిన్న అడ్డంకి కాదు. ఈ ఆటను కన్నడంలో భర్జి ఎసెత అంటారు, మరాఠీలో భాలాఫేక్, తమిళంలో ఈట్టి ఎరిదల్. మన ఈటే, వాళ్ల ఈట్టీ ఒకటే మాట. అయితే శిక్షణ శిబిరంలో కోచ్ నోట వచ్చేది 'బ్లాక్'. దాన్ని 'ఆపు' అని అర్థం చేసుకున్న పిల్లవాడు కాలుతోపాటు ఒంటినీ ఆపేస్తాడు. పరుగే మానేస్తాడు. ''కాలు ఆగాలి, ఒళ్లు ఆగకూడదు'' అని ఇంట్లో మాట్లాడే మాటలో చెబితే తేడా పట్టుబడుతుంది. రెండు భాషలు వచ్చిన పీఈటీలు, పాత ఆటగాళ్లు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారిని ఏడాదికి నాలుగు రోజులైనా ఆ కేంద్రాలకు పంపి నేర్పిస్తే వందల మంది పిల్లలకు మేలు.

ఖర్చు లేని పనులు

సింథటిక్ ట్రాక్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నిబంధనల ప్రకారం ఈటె పరుగుదారి 4 మీటర్ల వెడల్పు, కనీసం 30 మీటర్ల పొడవు ఉండాలి. బడి మైదానంలో ఆ మేరకు మట్టి చదును చేసి, తడిపి, దిమ్మిస కొడితే చాలు. జారే నేల మీద ఎడమకాలు నిలవదు. నిలవని కాలు మీద పిల్లవాడికి నమ్మకం కుదరదు. అందుకే గీత దగ్గరికి రాగానే భయంతో ఆగిపోతాడు.

తర్వాతది క్రమం. మొదట నిలబడి బంతి విసరడం. ఆపై ఒక్క అడుగు వేసి విసరడం, ఆపై మూడు అడుగులు. మూడు అడుగుల్లో ఎడమకాలు నిటారుగా దిగడం వచ్చాకే పూర్తి పరుగు. పక్క చూపుతో అడ్డ అడుగుల పరుగు, ఒంటికాలి గెంతులు, మెట్లెక్కడం వంటివి వారానికి మూడు రోజులు చేయించవచ్చు. వీటికి ఈటె కూడా అక్కర్లేదు. ఎడమకాలు నిలిపాక ఒళ్లు ముందుకు తూలి ఇంకో అడుగు పడుతుంది కాబట్టి గీతకు రెండు మీటర్ల ముందే ఆ కాలు దిగాలి. ఈ జాగా ఉంచుకోకపోతే ఎంత దూరం విసిరినా ఫౌలే.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి ఒక టేపు చాలు. పిల్లవాడు నిలబడి విసిరిన దూరం, పరుగెత్తి విసిరిన దూరం రెండూ రాసుకోవాలి. రెండింటికీ పెద్ద తేడా లేదంటే పరుగు వృథా అవుతున్నట్టు, కాళ్లు పని చేయనట్టు లెక్క. తేడా నెలనెలా పెరుగుతుంటే దారిలో పడ్డట్టే. ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసి ఎడమ మోకాలు వంగుతోందో లేదో చూపిస్తే వంద మాటలు చెప్పిన పెట్టు.

టీవీ కెమెరా ఎప్పుడూ గాల్లో ఎగిరే ఈటె వెంటే పోతుంది. పిల్లలూ దాన్నే చూస్తారు, చేతినే నమ్ముతారు. ఈసారి పోటీ వచ్చినప్పుడు పక్కన కూర్చున్న పెద్దలు ఒక్క పని చేస్తే బాగు. ''ఈటెను వదిలెయ్ నాన్నా, ఆయన ఎడమకాలు చూడు'' అని చెప్పాలి. ఆ చూపు అలవాటైన పిల్లవాడు మర్నాడు మైదానంలో దండ చూసుకోడు, అడుగు చూసుకుంటాడు. రేపు వాడి దూరమూ, వాడి మోచేయీ రెండూ నిలబడేది ఆ అడుగు మీదే.